స్పామ్ వడపోతలో డీఎన్‌ఎస్ సాక్ష్యం: లినక్స్ మెయిల్ సర్వర్లపై స్థానిక రిజాల్వర్ ఆవశ్యకత, అమరిక

వ్యాససంగ్రహం

స్పామ్ ఉత్తరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ తన నిర్ణయాలలో పెద్ద భాగాన్ని డీఎన్‌ఎస్ ద్వారా లభించే సమాధానాలపై ఆధారపడి తీసుకుంటుంది. ఈ సమాధానాల విశ్వసనీయత ప్రశ్నను బట్టి మాత్రమే కాక, ఆ ప్రశ్న ఏ రిజాల్వర్ ద్వారా వెళ్లిందన్న విషయాన్ని బట్టి కూడా మారుతుంది. బహిరంగ రిజాల్వర్లను వాడే మెయిల్ సర్వర్‌లో వడపోత ఎందుకు నిశ్శబ్దంగా విఫలమవుతుందో, ఒక్కొక్కసారి అదే కారణంగా సక్రమమైన ఉత్తరాలన్నీ ఎందుకు తిరస్కరణకు గురవుతాయో ఈ వ్యాసం వివరిస్తుంది. లినక్స్‌పై స్థానిక రిజాల్వర్‌ను అమర్చే పద్ధతిని, అందులో ఎదురయ్యే చిక్కులను చర్చిస్తుంది.

కీలకపదాలు: డీఎన్‌ఎస్, నిరోధక జాబితా, రిజాల్వర్, స్పామ్‌అసాసిన్, పోస్ట్‌ఫిక్స్, అన్‌బౌండ్, లినక్స్.

1. ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయంలో గానీ కళాశాలలో గానీ సొంత మెయిల్ సర్వర్ నడుపుతున్నప్పుడు స్పామ్ రెండు రకాల నష్టాలకు కారణమవుతుంది. మొదటిది అందరికీ తెలిసినదే: మోసపూరితమైన ఉత్తరం లోపలికి వచ్చి ఎవరో ఒకరి పాస్‌వర్డ్‌ను కాజేస్తుంది. రెండవది అంత త్వరగా బయటపడదు. సిద్ధాంత గ్రంథ పరీక్షకుని నివేదికో, సదస్సు పత్రానికి ఆమోదమో, పరీక్షల విభాగం పంపిన సవరణో వడపోతలో చిక్కుకుని గ్రహీతకు చేరదు. రాని ఉత్తరం గురించి గ్రహీత ఫిర్యాదు చేయలేడు, ఎందుకంటే అది రావలసి ఉన్నదని అతనికి తెలియదు. ఈ రెండు నష్టాలకూ కారణాన్ని సాధారణంగా వడపోత నియమాలలో వెతుకుతారు, మార్కుల హద్దును పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు. అసలు లోపం చాలా సందర్భాలలో ఆ నియమాల కింద, ఎవరూ పెద్దగా పట్టించుకోని '/ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్' అనే చిన్న ఫైలులో ఉంటుంది.

2. నామవ్యవస్థ నుంచి సాక్ష్యవ్యవస్థ వైపు

పాల్ మొకాపెట్రిస్ రచించిన ఆర్‌ఎఫ్‌సీ 1034, 1035 పత్రాలు 1987 నవంబరులో డొమైన్ నామ వ్యవస్థకు నేటికీ చెల్లుబాటయ్యే స్వరూపాన్ని ఇచ్చాయి. మనుషులు గుర్తుంచుకోగల పేరును యంత్రాలకు కావలసిన అంకెల చిరునామాగా మార్చడం దాని ప్రధాన ప్రయోజనం. పదేళ్ల తరువాత, 1997లో, పాల్ విక్సీ స్పామ్ పంపే చిరునామాల జాబితా ఒకదాన్ని ఆరంభించారు. మొదట రూటర్లకు నేరుగా అందిన ఆ జాబితా కొద్దికాలంలోనే డీఎన్‌ఎస్ ద్వారా కూడా లభ్యమైంది. నేటి నిరోధక జాబితాలన్నింటికీ మూలం అదే.

పద్ధతి చాలా సరళమైనది. 192.0.2.15 అనే చిరునామా నుంచి ఒక ఉత్తరం వస్తున్నదనుకుందాం. గ్రహీత సర్వర్ ఆ అంకెలను వెనుక నుంచి ముందుకు తిప్పి, చివర జాబితా పేరును చేర్చి, '15.2.0.192.జెన్.స్పామ్‌హాస్.ఆర్గ్' అనే పేరు ఉన్నదా అని డీఎన్‌ఎస్‌ను అడుగుతుంది. అటువంటి పేరు లేదన్న సమాధానం వస్తే ఆ చిరునామా జాబితాలో లేదని అర్థం. ఉంటే 127తో మొదలయ్యే ఒక చిరునామా సమాధానంగా వస్తుంది. ఆ చిరునామాలో ఏ యంత్రమూ ఉండదు, అది కేవలం ఒక సంకేతం. స్పామ్‌హాస్ జాబితాలో 127.0.0.2 వస్తే తెలిసిన స్పామ్ మూలమని, 127.0.0.4 వస్తే వైరస్‌ల వంటి వాటి వశమైన యంత్రమని, 127.0.0.10 లేదా 11 వస్తే నేరుగా ఉత్తరాలు పంపకూడని గృహ వినియోగ చిరునామా వంటిదని అర్థం. జాన్ లెవీన్ 2010లో ఆర్‌ఎఫ్‌సీ 5782 ద్వారా ఈ ఆచారాన్ని పత్రబద్ధం చేశారు.

ఒక వ్యవస్థను అది పుట్టిన ప్రయోజనానికి భిన్నంగా వాడుకోవడంలో ఇంతకంటే తెలివైన ఉదాహరణ అంతర్జాల చరిత్రలో అరుదు. కొత్త ప్రోటోకాల్ అవసరం లేదు. ప్రతి యంత్రంలోనూ డీఎన్‌ఎస్ ఇప్పటికే ఉన్నది. ఒకసారి వచ్చిన సమాధానం క్యాష్‌లో కొంతసేపు నిలుస్తుంది. అయితే ఈ తెలివికి ఒక మూల్యం ఉన్నది. డీఎన్‌ఎస్‌లో 'ఆ పేరు లేదు' అనేది సాధారణమైన, తటస్థమైన సమాధానం. నిరోధక జాబితా విషయంలో అదే సమాధానం 'ఈ పంపకందారుపై ఆరోపణ లేదు' అనే సాక్ష్యంగా మారుతుంది. సమాధానం ఇచ్చినవారు ఏ కారణంతో 'లేదు' అన్నారో ప్రశ్నించే వీలు ఆ ఒక్క మాటలో ఉండదు.

3. ప్రశ్న ఎవరి పేరుతో వెళ్తున్నది?

లినక్స్ యంత్రంలోని సాఫ్ట్‌వేర్ సాధారణంగా డీఎన్‌ఎస్ ప్రపంచంతో నేరుగా మాట్లాడదు. అది తన ప్రశ్నను రిజాల్వర్‌కు అప్పగిస్తుంది. ఆ రిజాల్వర్ మూల సర్వర్ల నుంచి ఆరంభించి, మెట్టుమెట్టుగా దిగి, సంబంధిత పేరుకు అధికారం గల సర్వర్‌ను చేరి సమాధానం తెస్తుంది. కాబట్టి జాబితా నిర్వాహకుని దృష్టిలో ప్రశ్న అడిగినది మెయిల్ సర్వర్ కాదు, రిజాల్వర్.

గూగుల్ 2009 డిసెంబరులో 8.8.8.8ను, క్లౌడ్‌ఫ్లేర్ 2018 ఏప్రిల్‌లో 1.1.1.1ను ప్రజలకు ఉచితంగా అందించాయి. వేగం, నిలకడ ఉన్నందున, గుర్తుంచుకోవడానికి సులువుగా ఉన్నందున, సర్వర్ అమర్చేవారు ఈ అంకెలను అలవాటుగా రాస్తుంటారు. బ్రౌజర్‌కు వీటివల్ల ఏ లోపమూ లేదు. స్పామ్ వడపోతకు మాత్రం ఇవి పనికిరావు.

కారణం ఆర్థికమైనది. స్పామ్‌హాస్, యూఆర్‌ఐబీఎల్, డీఎన్‌ఎస్‌డబ్ల్యూఎల్ వంటి జాబితాలు తక్కువ సంఖ్యలో ప్రశ్నలు అడిగేవారికి ఉచితంగానూ, పెద్ద సంస్థలకు రుసుముపైనా సేవలు అందిస్తాయి. ఎవరు ఎన్ని ప్రశ్నలు అడుగుతున్నారో ప్రశ్న వచ్చిన చిరునామాను బట్టి లెక్కిస్తాయి. 8.8.8.8 ద్వారా అడిగినప్పుడు ఒక చిన్న కళాశాల అడిగిన పది ప్రశ్నలు, ఎక్కడో ఒక పెద్ద సంస్థ అడిగిన లక్షల ప్రశ్నలు ఒకే ఖాతాలో పడతాయి. ఆ ఖాతా ఉచిత పరిమితిని ఏనాడో దాటి ఉంటుంది. అందువల్ల నిర్వాహకులు ఆ రిజాల్వర్లకు సమాధానం ఇవ్వడం మానేశారు. ఇంటర్నెట్ సేవాసంస్థ ఇచ్చిన రిజాల్వర్ వాడినా పరిస్థితి తరచుగా ఇదే, దానిని పంచుకునేవారు వేలల్లో ఉంటారు. పొరుగువారి అప్పు తన పద్దులో పడినవాని స్థితి ఇది; తాను చేసిన తప్పేమీ లేదు, అయినా దుకాణంలో సరుకు దొరకదు.

4. మౌనం ఒకవైపు, మూకుమ్మడి తిరస్కారం మరొకవైపు

నిరాకరణ ఏ రూపంలో వస్తుందన్నదే ఈ సమస్యలో కీలకమైన అంశం. జాబితా సర్వర్ 'ఆ పేరు లేదు' అని బదులిచ్చి ఊరుకుంటే, వడపోత దృష్టిలో ప్రపంచంలోని ప్రతి పంపకందారూ నిర్దోషి. లాగ్‌లో దోషమేమీ కనిపించదు. స్పామ్ కొద్దికొద్దిగా పెరుగుతుంది. నిర్వాహకుడు నియమాలు మారుస్తాడు, కొత్త పదాల జాబితాలు చేరుస్తాడు, ఫలితం ఉండదు.

ఈ మౌనాన్ని పోగొట్టడానికి జాబితాలు నిరాకరణకు ప్రత్యేక సంకేతాలు ఏర్పరచాయి. యూఆర్‌ఐబీఎల్ 127.0.0.1ను, డీఎన్‌ఎస్‌డబ్ల్యూఎల్ 127.0.0.255ను వాడుతాయి. స్పామ్‌హాస్ బహిరంగ రిజాల్వర్ ద్వారా వచ్చిన ప్రశ్నకు 127.255.255.254నూ, పరిమితి దాటిన వారికి 127.255.255.255నూ, జాబితా పేరును తప్పుగా రాసినవారికి 127.255.255.252నూ ఇస్తుంది. స్పామ్‌అసాసిన్ ఇటువంటి సంకేతాలను గుర్తిస్తుంది. ఉత్తరపు శీర్షికలో 'యూఆర్‌ఐబీఎల్_బ్లాక్డ్' అనే నియమం పేరు, దాని పక్కన 0.001 అనే నామమాత్రపు మార్కు కనిపిస్తే అది ఉత్తరం గురించిన తీర్పు కాదు. అది సర్వర్ నిర్వాహకునికి రాసిన చీటీ. స్పామ్‌అసాసిన్ సాధారణ హద్దు 5 మార్కులు, 0.001ను ఎవరూ లెక్కచేయరు కనుక ఆ చీటీ ఏళ్ల తరబడి చదవకుండా ఉండిపోయే అవకాశం ఎక్కువ.

సంకేతాలు వచ్చాక రెండో ప్రమాదం మొదలైంది. పోస్ట్‌ఫిక్స్‌లో 'రిజెక్ట్_ఆర్‌బీఎల్_క్లయింట్' అనే నిబంధన పక్కన జాబితా పేరు మాత్రమే రాస్తే, ఆ జాబితా నుంచి ఏ చిరునామా సమాధానంగా వచ్చినా పోస్ట్‌ఫిక్స్ దాన్ని నేరారోపణగానే భావిస్తుంది. 'మీరు బహిరంగ రిజాల్వర్ వాడుతున్నారు' అని స్పామ్‌హాస్ చెప్పిన మాట కూడా దాని చెవికి 'ఈ పంపకందారు దోషి' అనే వినిపిస్తుంది. అప్పుడు వచ్చే ప్రతి ఉత్తరమూ 554 సంకేతంతో వెనుదిరుగుతుంది. నిన్నటిదాకా స్పామ్ అంతటినీ లోపలికి వదిలిన సర్వర్ ఈ రోజు సక్రమమైన ఉత్తరాలను సైతం వెళ్లగొడుతుంది. రెండింటికీ మూలకారణం ఒక్కటే.

ఇది ఊహాజనితమైన భయం కాదు. ఓఆర్‌డీబీ అనే జాబితా 2006 డిసెంబరులో సేవ నిలిపివేసింది. అయినా దానిని అడుగుతూనే ఉన్న సర్వర్లు ఎన్నో మిగిలాయి. 2008 మార్చిలో ఆ జాబితా అడిగిన ప్రతి చిరునామాకూ 'ఉన్నది' అని బదులివ్వడం మొదలుపెట్టింది. పాత అమరికను సవరించనివారికి ఆ రోజు నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. సోర్బ్స్ అనే మరో పేరొందిన జాబితా 2024 జూన్‌లో మూతపడింది. ఈనాటికీ దాని పేరు మిగిలి ఉన్న అమరికలను వెతికి తొలగించడం మంచిది.

పోస్ట్‌ఫిక్స్‌లో దీనికి విరుగుడు ఉన్నది. జాబితా పేరు పక్కన సమానం గుర్తు పెట్టి, అంగీకరించదగిన సమాధానాలను '127.0.0.[2..11]' అన్న రూపంలో పేర్కొనవచ్చు. ఆ పరిధికి వెలుపలి సమాధానం వచ్చినా పోస్ట్‌ఫిక్స్ దాన్ని ఆరోపణగా తీసుకోదు. ఈ చిన్న చేర్పు లేని అమరిక ఎంత కాలంగా సవ్యంగా నడుస్తున్నా దాన్ని అసంపూర్ణంగానే పరిగణించాలి. అయితే ఇది రెండో ప్రమాదాన్ని మాత్రమే నివారిస్తుంది. జాబితా నుంచి నిజమైన సమాధానం రావాలంటే ప్రశ్న వెళ్లే దారినే మార్చాలి.

5. స్థానిక రిజాల్వర్ అమరిక

మెయిల్ సర్వర్ యంత్రంపైనే ఒక పూర్తి స్థాయి రిజాల్వర్‌ను నడపడం ఆ దారి. నెదర్లాండ్స్‌లోని ఎన్‌ఎల్‌నెట్ ల్యాబ్స్ రూపొందించిన అన్‌బౌండ్ ఇందుకు తగినది. బైండ్‌ను గానీ పవర్‌డీఎన్‌ఎస్ రికర్సర్‌ను గానీ వాడినా ఫలితం ఒకటే. అన్‌బౌండ్ సహజంగానే సొంత యంత్రం నుంచి వచ్చే ప్రశ్నలకే బదులిస్తుంది. దాని రెండు ప్రధాన క్యాష్‌లు ఒక్కొక్కటి 4 మెగాబైట్ల పరిమాణంతో మొదలవుతాయి కనుక చిన్న సర్వర్‌కు కూడా అది భారం కాదు. ప్యాకేజీని స్థాపించి, '/ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్'లో 'నేమ్‌సర్వర్ 127.0.0.1' అనే ఒకే ఒక్క వరుసను ఉంచితే సూత్రప్రాయంగా పని ముగిసినట్లే. ఆచరణలో అలా ముగియదు.

అన్‌బౌండ్ అమరికలో చుక్కను, అంటే అన్ని పేర్లనూ, మరొక సర్వర్‌కు పంపమనే 'ఫార్వర్డ్-జోన్' విభాగం ఉండకూడదు. అది ఉన్నదంటే స్థానిక రిజాల్వర్ నామమాత్రమే. ప్రశ్నలన్నీ తిరిగి 8.8.8.8కో ఇంకొకదానికో చేరతాయి, యూఆర్‌ఐబీఎల్ మళ్లీ 127.0.0.1 అనే బదులిస్తుంది. క్యాష్ ఉన్న ప్రతిదీ స్వయంగా అన్వేషించే రిజాల్వర్ కాదన్న భేదాన్ని గుర్తించకపోవడమే ఈ విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు.

అదే పొరపాటు ఉబుంటు వంటి పంపిణీలలో మరో వేషంలో కనిపిస్తుంది. అక్కడ రిజాల్వ్.కాన్ఫ్ తెరిస్తే 127.0.0.53 అనే చిరునామా ఉంటుంది. 127తో మొదలైనది కనుక స్థానిక రిజాల్వర్ ఉన్నదన్న భ్రమ కలుగుతుంది. అది సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ అనే మధ్యవర్తి. డీహెచ్‌సీపీ ద్వారా వచ్చిన పై సర్వర్‌కు ప్రశ్నను అందించడం, వచ్చిన బదులును దాచుకోవడం దాని పని. మూల సర్వర్ల దాకా వెళ్లి అది స్వయంగా అన్వేషించదు. మెయిల్ సర్వర్‌పై ఈ సేవను నిలిపివేసి, రిజాల్వ్.కాన్ఫ్ స్థానంలో ఉన్న లంకెను తొలగించి, అక్కడ మామూలు ఫైలును సృష్టించడం తిన్ననైన మార్గం. నెట్‌వర్క్‌మేనేజర్ ఉన్న యంత్రాలలో అది ఆ ఫైలును తిరగరాయకుండా దాని అమరికలో డీఎన్‌ఎస్ విలువను 'నన్' అని ఉంచాలి. లేకుంటే యంత్రాన్ని తిరిగి ప్రారంభించిన ప్రతిసారీ చేసిన పని చెరిగిపోతుంది.

'ముందుజాగ్రత్తగా ఉండనీ' అంటూ రెండో వరుసలో 8.8.8.8ను రాయడం మరో అలవాటు. లినక్స్‌లోని జీలిబ్‌సీ మొదటి సర్వర్ నుంచి 5 సెకన్లలో బదులు రాకుంటే రెండోదాన్ని అడుగుతుంది. అంటే స్థానిక రిజాల్వర్ ఒక్క క్షణం తడబడినప్పుడల్లా కొన్ని ప్రశ్నలు బహిరంగ రిజాల్వర్‌కు జారిపోతాయి. ఎప్పుడో ఒకసారి మాత్రమే కనిపించే లోపాన్ని పట్టుకోవడం ఎప్పుడూ ఉండే లోపాన్ని పట్టుకోవడంకంటే కష్టం. రెండో రిజాల్వర్ నిజంగా అవసరమైతే, సంస్థలోనే మరో యంత్రంపై అన్‌బౌండ్‌ను నడిపి దాని చిరునామాను రాయాలి.

రిజాల్వ్.కాన్ఫ్ మార్చాక కూడా పోస్ట్‌ఫిక్స్ పాతదారిలోనే వెళ్లడం చాలామందిని అయోమయానికి గురిచేస్తుంది. డెబియన్ సంప్రదాయ అమరికలో పోస్ట్‌ఫిక్స్‌లోని కొన్ని భాగాలు '/వార్/స్పూల్/పోస్ట్‌ఫిక్స్' అనే మూసిన గది లోపల పనిచేస్తాయి. ఆ గదిలో రిజాల్వ్.కాన్ఫ్‌కు వేరొక ప్రతి ఉంటుంది; సేవ ఆరంభమైనప్పుడు మాత్రమే అది తాజా అవుతుంది. అందువల్ల మార్పు చేసిన తరువాత పోస్ట్‌ఫిక్స్‌ను, స్పామ్‌అసాసిన్‌ను తిరిగి ప్రారంభించాలి. స్పామ్‌అసాసిన్‌లో 'డీఎన్‌ఎస్_సర్వర్ 127.0.0.1' అని విడిగా రాయడం ఇంకా భద్రం. అప్పుడు వ్యవస్థ ఫైలు మారినా వడపోత దారి తప్పదు. ఆర్‌స్పామ్‌డీ అమరికలోనూ ఇటువంటి సదుపాయమే ఉన్నది.

డాకర్ పెట్టెలలో నడిచే వడపోతకు ఇంకొక చిక్కు ఉన్నది. పెట్టె లోపలి 127.0.0.1 పెట్టెదే, ఆతిథ్య యంత్రానిది కాదు. ఆతిథ్య యంత్రపు రిజాల్వ్.కాన్ఫ్‌లో అటువంటి చిరునామా ఒక్కటే ఉంటే, సహజమైన నెట్‌వర్క్ అమరికలో డాకర్ దాన్ని పక్కనపెట్టి గూగుల్ సర్వర్లను చేరుస్తుంది. ఎంత జాగ్రత్తగా అమర్చిన స్థానిక రిజాల్వర్ అయినా ఇలా ఒక్క అడుగు దూరంలో నిరర్థకమవుతుంది. రిజాల్వర్‌ను మరొక పెట్టెగా నడిపి, దాని చిరునామాను వడపోత పెట్టెకు స్పష్టంగా ఇవ్వడం దీనికి పరిష్కారం.

చివరిగా సంస్థాగత ఫైర్‌వాల్. స్వయంగా అన్వేషించే రిజాల్వర్ బయటి ప్రపంచంలోని ఏ సర్వర్‌నైనా 53వ పోర్టుపై సంప్రదించగలగాలి, యూడీపీ ద్వారానే కాక టీసీపీ ద్వారా కూడా. కొన్ని ప్రాంగణాలలో ఈ పోర్టును మూసివేస్తారు. మరికొన్నింటిలో ఎవరికి పంపిన ప్రశ్ననైనా మధ్యలో పట్టుకుని తమ రిజాల్వర్‌కు మళ్లిస్తారు. రెండో సందర్భంలో అన్‌బౌండ్‌కు తాను మోసపోయినట్లు కూడా తెలియకపోవచ్చు. నెట్‌వర్క్ విభాగంతో మాట్లాడి మెయిల్ సర్వర్ ఒక్కదానికి మినహాయింపు పొందడం దీనికి తిన్ననైన మార్గం.

6. రక్షణ నియమమే అడ్డంకి అయినప్పుడు

బయటి డీఎన్‌ఎస్ సమాధానాలలో లోపలి చిరునామాలు వస్తే దాడిగా అనుమానించి తొలగించే రక్షణ అనేక రిజాల్వర్లలో ఉన్నది. అన్‌బౌండ్‌లో ఆ నిబంధన పేరు 'ప్రైవేట్-అడ్రెస్'. 10, 172.16, 192.168 శ్రేణులను అందులో చేర్చడం సమంజసమే. అదే ఊపులో 127.0.0.0/8ను కూడా చేర్చితే నిరోధక జాబితాల సంకేతాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, ఎందుకంటే అవి మాట్లాడే భాషే 127. అన్‌బౌండ్ సూచనాపుస్తకం ఈ విషయాన్ని ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. డీఎన్‌ఎస్‌మాస్క్‌లో ఇటువంటి రక్షణను పెట్టుకున్నవారి కోసం 'రీబైండ్-లోకల్‌హోస్ట్-ఓకే' అనే మినహాయింపునే ఏర్పాటు చేశారు.

క్యాష్ కాలాన్ని కృత్రిమంగా పెంచడం కూడా ఇటువంటిదే. జాబితా నుంచి తొలగిన పంపకందారు మీ సర్వర్‌లో మాత్రం ఇంకా దోషిగా మిగిలిపోతాడు. 'క్యాష్-మిన్-టీటీఎల్' విలువను సున్నా దగ్గరే వదిలేయడం ఉత్తమం.

7. జాబితాలకు ఆవల

ఎస్‌పీఎఫ్, డీకేఐఎమ్, డీమార్క్ పద్ధతులు కూడా డీఎన్‌ఎస్‌పైనే నిలుస్తాయి. ఒక ఎస్‌పీఎఫ్ పరిశీలనలో కొత్త అన్వేషణకు దారితీసే అంశాలు పదికి మించరాదని 2014 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7208 నిర్దేశించింది. డీకేఐఎమ్‌లో 2048 బిట్ల తాళంచెవి ఉన్న సమాధానం డీఎన్‌ఎస్ తొలినాటి 512 బైట్ల పరిమితిని దాటగలదు. టీసీపీ మూసివున్న చోట అటువంటి సంతకాల పరిశీలన ఆగిపోయి, సక్రమమైన ఉత్తరం అనుమానాస్పదంగా మారుతుంది. తెలుగు లిపిలోని '.భారత్' చిరునామాలు ఉత్తరంలో కనిపించినప్పుడు వాటిని డీఎన్‌ఎస్‌కు తెలిసిన 'ఎక్స్‌ఎన్' రూపంలోకి మార్చే బాధ్యత వడపోతది; రిజాల్వర్‌కు అవి తక్కిన పేర్ల వంటివే.

8. పరిశీలన

అమరిక సరైనదో కాదో ఊహించనవసరం లేదు, అడిగి తెలుసుకోవచ్చు. ఆర్‌ఎఫ్‌సీ 5782 ప్రకారం ప్రతి జాబితాలోనూ 127.0.0.2 తప్పక ఉండాలి, 127.0.0.1 ఉండకూడదు. కాబట్టి 'డిగ్' ఉపకరణంతో '2.0.0.127.జెన్.స్పామ్‌హాస్.ఆర్గ్' అని అడిగితే 127.0.0.2, 127.0.0.4, 127.0.0.10 రావాలి. 127.255.255.254 వస్తే ప్రశ్న ఇంకా బహిరంగ రిజాల్వర్ గుండానే వెళ్తున్నది. ఏమీ రాకపోతే 127 శ్రేణిని ఎవరో తొలగిస్తున్నారు లేదా జాబితా మౌనంగా నిరాకరిస్తున్నది. '1.0.0.127' అని అడిగినప్పుడు 'లేదు' రావాలి. 'ఉన్నది' అని వస్తే ఆ జాబితా ప్రపంచమంతటినీ నిందిస్తున్నదన్నమాట. దానిని వెంటనే అమరిక నుంచి తీసివేయాలి.

ప్రశ్న ఎవరి పేరుతో వెళ్తున్నదో తెలుసుకోవడానికి 'హూఆమ్‌ఐ.అకమై.నెట్' అనే పేరును అడగవచ్చు. అడిగిన రిజాల్వర్ చిరునామానే అది సమాధానంగా ఇస్తుంది. అక్కడ మెయిల్ సర్వర్ సొంత బహిరంగ చిరునామా కనిపించాలి. సంస్థ మొత్తం ఒకే బయటి చిరునామా వెనుక ఉంటే ఈ ఒక్క పరీక్ష చాలదు, పై పరీక్షలతో కలిపి చూడాలి.

ఈ పరీక్షలను వడపోత నడిచే వాడుకరి ఖాతా నుంచి, డాకర్ వాడితే పెట్టె లోపలి నుంచి చేయాలి. నిర్వాహకుని తెరపై వచ్చిన ఫలితం వడపోతకు అందే ఫలితం కాకపోవచ్చు. ఒకసారి చేసి వదిలేయడం కూడా సరిపోదు. పంపిణీ నవీకరణ రిజాల్వ్.కాన్ఫ్‌ను మార్చవచ్చు, జాబితా తన షరతులను మార్చవచ్చు, ఫైర్‌వాల్ మారవచ్చు. రోజుకొకసారి క్రాన్ ద్వారా ఈ రెండు చిరునామాలను అడిగి, ఆశించిన సమాధానం రాకుంటే నిర్వాహకునికి తెలియజేసే నాలుగైదు వరుసల స్క్రిప్టు ఇందుకు సరిపోతుంది. ఆ హెచ్చరికను మాత్రం అదే సర్వర్ మీదుగా ఈ-మెయిల్‌గా కాక, ఫోనుకు సందేశంగానో మరో మార్గంలోనో పంపించాలి.